తుగ్గలి పిల్లలు, భూగర్భ శాస్త్రవేత్తలు: ఒక విద్యా సంవత్సరపు ప్రాజెక్టు డైరీ

జూన్, బడి తెరిచిన వారం

తొమ్మిదో తరగతిలో సగం బెంచీలు ఖాళీగా ఉన్నాయి. కారణం ఎవరినీ అడగనక్కర్లేదు. తొలకరి పడింది, పిల్లలు పొలాల్లో ఉన్నారు. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చుట్టుపక్కల ఎర్రనేలల్లో తొలకరి అంటే విత్తనం వేయడం ఒక్కటే కాదు, వజ్రాల వేట కూడా. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. గుడి అరుగుల మీద పడుకుంటారు, చెట్ల కింద వండుకుంటారు, తెల్లవారకముందే నడుం వంచి నేల చూస్తూ సాలు వెంట సాలు నడుస్తారు. మా పిల్లలు వాళ్ల కంటే ముందే అక్కడ ఉంటారు. చదువు ఎగ్గొడుతున్నారని కోప్పడితే ఒక్కరు కూడా తిరిగి రారు. ఇంట్లో అవ్వ, తాత, అమ్మ అందరూ పొలంలో ఉంటే పిల్లవాడు బడిలో ఎలా ఉంటాడు?

ఈసారి మరో దారి పట్టాను. బడికి వచ్చేటప్పుడు మీరు ఏరిన రాళ్లు తీసుకురండి అని కబురు చేశాను. మరునాడు పొట్లాలు, అగ్గిపెట్టెలు, మాత్రల సీసాలతో దాదాపు అందరూ వచ్చారు. బల్ల మీద పరిచాం. తెల్లవి, పొగరంగువి, తేనెరంగువి, ఒకటి రెండు గాజుపెంకులు అరిగి గుండ్రబడినవి. ఎక్కువ భాగం పలుగురాళ్లే అని చూడగానే తెలుస్తుంది. కానీ పిల్లలు అడిగిన ప్రశ్నలు నన్ను కదలనివ్వలేదు. వజ్రాలు మా ఊళ్లోనే ఎందుకు ఉన్నాయి? వాన పడ్డప్పుడే ఎందుకు కనిపిస్తాయి? పక్క మండలంలో ఎందుకు లేవు? బొగ్గే వజ్రం అవుతుందంటారు, మరి ఇక్కడ బొగ్గు ఏది?

పాఠ్యపుస్తకంలో వజ్రం గురించి ఉన్నది కార్బన్ రూపాంతరం అన్న ఒక్క పేరా. మా ఊరి మట్టి గురించి అందులో ఉండదు, ఉండాలని కోరడమూ న్యాయం కాదు. ఈ ప్రశ్నలకు జవాబు తెలిసినవాళ్లు, తెలియకపోతే వెతికే పద్ధతి తెలిసినవాళ్లు ఈ దేశంలో ఉన్నారు. పక్కనే అనంతపురం జిల్లా వజ్రకరూరులో, భూమి లోతుల నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చే కింబర్లైట్ అనే రాతి గొట్టాల మీద దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. ఆ పని చేసేవాళ్లకూ మా తొమ్మిదో తరగతికీ మధ్య దారి వేయడమే ఈ ఏడాది నా ప్రాజెక్టు.

జూన్ చివరి వారం

ఎవరికైనా రాయకముందు మా చేతిలో ఏదో ఒకటి ఉండాలనుకున్నాను. ఉత్త చేతులతో శాస్త్రవేత్త దగ్గరికి పంపితే పిల్లలు వినేవాళ్లుగానే మిగిలిపోతారు. కాబట్టి ముందు కొలత.

రాయి సాంద్రత కొలవాలి. బడిలోని స్ప్రింగ్ త్రాసు ఇంత చిన్న రాళ్లకు పనికిరాదు. బంగారం తూచేవాళ్లు వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొన్నాను, గ్రాములో నూరో వంతు దాకా చూపిస్తుంది. పద్ధతి ఇది. ప్లాస్టిక్ గ్లాసులో సగానికి నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయాలి. రాయికి సన్నని దారం కట్టి, గ్లాసు అడుగునూ గోడనూ తాకకుండా పూర్తిగా నీళ్లలో వేలాడదీయాలి. అప్పుడు కాటా చూపించేది రాయి బరువు కాదు, రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. అంటే రాయి ఘనపరిమాణం చేతికి వచ్చినట్టే. తర్వాత దారం వదిలేస్తే రాయి అడుగున కూర్చుంటుంది, కాటా రాయి పూర్తి బరువు చూపిస్తుంది. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే సాంద్రత.

ఆర్కిమెడిస్ సూత్రాన్ని ఏటా నల్లబల్ల మీద చెబుతూనే ఉన్నాను. దారం వదలగానే అంకె గంతు వేయడం చూసి వెనక బెంచీలో ఒకడు లేచి నిలబడ్డాడు. ‘మేడం, ఇంతసేపు దాని బరువు దారం మోసిందా?’ అన్నాడు. దారం ఎంత మోసింది, నీళ్లు ఎంత మోశాయి అన్న లెక్క మరో పీరియడ్ తినేసింది. ఆ పీరియడ్ పోయినందుకు నాకు సంతోషమే.

ఒకే పలుగురాయిని ముగ్గురు కొలిచారు. బరువు అందరికీ 5.30 గ్రాములే. నీటి అంకె మాత్రం 2.02, 2.05, 1.97. సాంద్రతలు 2.62, 2.59, 2.69. పుస్తకంలో పలుగుకు 2.65 అని ఉంది. ఎవరిది తప్పు అని పోట్లాట మొదలైంది. పోట్లాటను అలాగే రాసి పెట్టమన్నాను. ఎవరు ఎలా పట్టుకున్నారు, దారం ఎంత మునిగింది, రాయికి గాలిబుడగలు అంటుకున్నాయా, అన్నీ. బుడగ అంటుకుంటే రాయి ఉన్నదానికంటే లావుగా లెక్కలోకి వస్తుంది, సాంద్రత తగ్గుతుంది అని ఒక అమ్మాయి తానే కనిపెట్టింది. నీళ్లలో సబ్బు చుక్క వేస్తే బుడగలు నిలవవని మరునాడు ఇంట్లో చేసి చూసి వచ్చింది.

జూలై మొదటి వారం

ఉత్తరాలు. బడి తరఫున ఇంతకుముందు రెండు చోట్లకు మామూలు పద్ధతిలో విన్నపాలు వెళ్లాయి, మా విద్యార్థులకు స్ఫూర్తినిచ్చే ప్రసంగం చేయవలసిందిగా కోరుతున్నాము అని. జవాబు రాలేదు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. అలాంటి ఉత్తరం చదివినవాళ్లకు ఏం చేయాలో తెలియదు.

ఇప్పుడు రాసిన ఉత్తరం వేరు. ఒక పేజీలో పిల్లల ప్రశ్నలు, వాళ్ల మాటల్లోనే. రెండో పేజీలో కొలతల పట్టిక, పోట్లాటతో సహా. కింద ఒక్క విన్నపం: ‘ఈ అంకెలు చూసి, మా పద్ధతిలో ఎక్కడ బలహీనత ఉందో అరగంట పాటు పిల్లలతో మాట్లాడగలరా?’ కింబర్లైట్ల మీద ఏళ్లుగా పనిచేసిన ఒక భూగర్భ శాస్త్రవేత్తకు, ఒక విశ్వవిద్యాలయంలోని భూగర్భ శాస్త్ర విభాగానికి పంపాను. ఇద్దరి దగ్గరి నుంచీ జవాబు వచ్చింది. శాస్త్రవేత్త జవాబులో మొదటి వాక్యమే ప్రశ్న: ‘మీ కాటాను దేనితో సరిచూశారు?’

పాత భౌతిక త్రాసు పెట్టెను బీరువా అడుగు నుంచి తీశాం. వెల్వెట్ గుంటల్లో ఇత్తడి తూనికరాళ్లు, పట్టుకోవడానికి పట్టకారు, అన్నీ పదిలంగా ఉన్నాయి. ఏళ్లుగా ఎవరూ తెరవని ఆ పెట్టె ఇప్పుడు తరగతికి రోజూ వస్తోంది.

దేశంలో ఇలాంటి ప్రయత్నాలు కొత్త కాదు. బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి జరుగుతోంది. కేంద్ర ప్రభుత్వ పరిశోధనశాలలను నడిపే సీఎస్‌ఐఆర్ 2017లో ‘జిజ్ఞాస’ పేరుతో మొదట కేంద్రీయ విద్యాలయాల పిల్లలను తన ప్రయోగశాలలకు దగ్గర చేసింది. మంచి పనులు. అయితే హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ గేటు దాకా వెళ్లి రావడం మా పిల్లలకు ఖర్చుతో కూడిన పని. మా దగ్గర ఖర్చు లేనిది ఒకటే ఉంది, మా నేల. అది శాస్త్రవేత్తకు కూడా ఆసక్తి ఉన్న నేల కావడం మా అదృష్టం.

జూలై మూడో వారం

తరగతి గదిలోని ఐఎఫ్‌పీ (పెద్ద డిజిటల్ టచ్) తెర మీద ఆ భూగర్భ శాస్త్రవేత్తతో మొదటి సంభాషణ. బడి ఇంటర్నెట్ మధ్యలో ఆగింది, ఫోను హాట్‌స్పాట్‌తో గట్టెక్కాం. ఆయన తెలుగులోనే మాట్లాడారు. స్లయిడ్లు లేవు. ముందే పంపిన పట్టికను ఎదురుగా పెట్టుకుని, ‘2.59 ఎవరిది?’ అని అడిగారు. ఆ కుర్రాడు తలవంచుకుని నిలబడ్డాడు. ‘బుడగలు ఉన్నాయని రాశావు చూడు, అందుకే నీ కొలతను నేను నమ్ముతాను’ అన్నారు. ఆ మాట తర్వాత గదిలో భయం పోయింది.

తర్వాత అసలు సంగతికి వచ్చారు. వజ్రం సాంద్రత 3.52. అయితే కొలతలో 3.5 వస్తే అది వజ్రమేనా? అందరూ అవునన్నారు. పైరోప్ అనే ఎర్రని గార్నెట్ ఖనిజానికీ, టోపాజ్ అనే రాయికీ దాదాపు అంతే ఉంటుందని ఆయన చెప్పారు. అయితే ఈ కొలత దేనికి? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మొదటి బెంచీ అమ్మాయి మెల్లగా అంది: ‘2.6 వస్తే వజ్రం కాదని చెప్పొచ్చు సార్.’ ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి, ‘మళ్లీ చెప్పు, అందరికీ వినపడేలా’ అన్నారు. ఒక కొలత దేన్ని కాదనగలదు, దేన్ని అవుననలేదు అన్న తేడాను పదో తరగతి దాటాక కూడా చాలామందికి ఎవరూ చెప్పరు. ఆ రోజు ఒక పద్నాలుగేళ్ల పిల్ల దాన్ని తనంతట తానే పట్టుకుంది. ఈ ప్రాజెక్టు ఇంతటితో ఆగిపోయినా ఫలించినట్టే అని ఆ సాయంత్రం నోటుబుక్కులో రాసుకున్నాను.

బొగ్గు సంగతికి ఆయన నేరుగా జవాబు చెప్పలేదు. బొగ్గు దేని నుంచి వస్తుంది అని అడిగారు. చెట్ల నుంచి. నేల మీద మొక్కలు ఎప్పుడు వచ్చాయి? సుమారు 45 కోట్ల ఏళ్ల కిందట అని ఆయనే చెప్పి, వజ్రకరూరు కింబర్లైట్ వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు అన్నారు. ఆ రాయి మోసుకొచ్చిన వజ్రం దానికంటే పాతదే అయి ఉండాలి కదా. ‘అయితే అప్పటికి చెట్లే లేవు, బొగ్గూ లేదు’ అని పిల్లలే తేల్చారు.

వజ్రం పుట్టే చోటు భూమి లోపల 150 కిలోమీటర్లు, అంతకంటే లోతు కూడా. కర్నూలు నుంచి అనంతపురం దాదాపు ఎంత దూరమో అంత దూరం నిలువునా కిందికి దిగాలన్నమాట. వెంటనే ప్రశ్న: ‘అంత లోతు ఎవరు చూశారు సార్?’ ఎవరూ చూడలేదు, మనిషి తవ్విన లోతైన రంధ్రం రష్యాలోని కోలా దగ్గర ఉంది, అది 12 కిలోమీటర్ల పైచిలుకే అన్నారు ఆయన. మరి ఎలా తెలుసు? కొన్ని వజ్రాల్లో కంటికి కనిపించనంత చిన్న గార్నెట్ గింజలు చిక్కుకుని ఉంటాయి. వాటి రసాయన స్వభావం ఎంత ఒత్తిడిలో, ఎంత వేడిలో ఏర్పడ్డాయో చెబుతుంది. అదే ఒత్తిడి, అదే వేడి ప్రయోగశాలలో కల్పించి సరిపోల్చి చూస్తారు. పైగా కింబర్లైట్ పైకి తన్నుకు వచ్చేటప్పుడు లోపలి రాతి ముక్కలను కూడా వెంట తెస్తుంది.

ఇంకొకడు లేచాడు. ‘మీకు ఇంత తెలుసు కదా సార్, మరి మీరే ఎందుకు ఏరుకోరు?’ నేను కంగారుపడ్డాను గానీ ఆయనకు ఆ ప్రశ్న బాగా నచ్చింది. మధ్యప్రదేశ్ పన్నా దగ్గర మజ్‌గవాఁ గనిలో వంద టన్నుల రాయి పగలగొడితే దొరికేది సుమారు పది క్యారెట్లు. క్యారెట్ అంటే 0.2 గ్రాము. మొత్తం 2 గ్రాములు. పిల్లలు వంద టన్నులు ఎన్ని లారీలవుతాయో లెక్కవేయడంలో మునిగిపోయారు. అన్ని కింబర్లైట్లలో వజ్రాలు ఉండవనీ, ఉన్నవాటిలోనూ ఇంత పలచగా ఉంటాయనీ తెలిశాక, పొలంలో వంగి నడిచే తమవాళ్ల గురించి కొందరు ఆలోచనలో పడ్డారు. అది వాళ్ల ముఖాల్లో కనిపించింది.

ఆగస్టు

మరో పెద్ద సంస్థ నుంచి ఒక శాస్త్రవేత్త ఆన్‌లైన్‌లో మాట్లాడతామని వాళ్లంతట వాళ్లే ముందుకు వచ్చారు. సంతోషంగా ఒప్పుకున్నాం. గంటకు పైగా ఇంగ్లిషు స్లయిడ్లు. విషయం గొప్పది, మనిషీ మంచివారే. కానీ మా పిల్లలు ఏం కొలిచారో ఆయనకు తెలియదు, ఆయన ఏం కొలుస్తారో మా పిల్లలకు తెలియలేదు. చివర ‘ప్రశ్నలేమైనా ఉన్నాయా?’ అంటే గది అంతా నిశ్శబ్దం. చప్పట్లు కొట్టి ఫొటో దిగి పంపేశాం.

రెండు సంభాషణలకూ తేడా శాస్త్రవేత్త ప్రతిభలో లేదు. జూలైలో ఆయన చేతికి మా పట్టిక ముందే అందింది. ఇకముందు ఎవరు మాట్లాడినా మూడు సంగతులు ముందే అడుగుతాను: పిల్లల నోటుపుస్తకం పేజీలు కనీసం వారం ముందు చదవాలి, తెలుగులో మాట్లాడాలి లేదా నన్ను మధ్యలో ఉండనివ్వాలి, వెళ్లేముందు పిల్లలకు చేయడానికి ఒక పని అప్పగించాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. పని అప్పగిస్తే మళ్లీ మాట్లాడవలసి వస్తుంది.

సెప్టెంబరు

జూలైలో మాట్లాడిన ఆయన వేరే పని మీద గుంతకల్లు వైపు వస్తూ మా బడికి వచ్చారు. శాస్త్రవేత్త వస్తున్నాడన్న మాట ఊళ్లో ఎలా పాకిందో గానీ, పదకొండు గంటలకల్లా బడి గేటు దగ్గర జనం. కొంగు ముడుల్లో, రుమాళ్లలో, పర్సు లోపలి అరల్లో రాళ్లు. ఆయన ముందే స్పష్టంగా చెప్పారు: ‘నేను వెల కట్టను. ఏ రాయో చెప్పడానికి మీ పిల్లలే చాలు, నేను పక్కన కూర్చుంటాను.’

కాటా బల్ల మీద పెట్టారు. పిల్లలు తూచారు, పెద్దలు చుట్టూ నిలబడి చూశారు. వాడుకలో ఉన్న పరీక్షలన్నీ అక్కడే చర్చకు వచ్చాయి. ఊపిరి ఊదితే వజ్రం మీద ఆవిరి నిలవదంటారు. అది నిజమే, వజ్రం రాగి కంటే చాలా రెట్లు ఎక్కువగా వేడిని పంపిస్తుంది, అందుకే తేమ త్వరగా ఆరిపోతుంది. కానీ కంటితో చూసి తేల్చే పరీక్ష కాదు, చిన్న రాయికి అసలే కాదు. సుత్తితో కొడితే పగలకపోతే వజ్రం అన్న నమ్మకాన్ని మాత్రం ఆయన గట్టిగా ఖండించారు. గీతకు ఓర్చుకోవడం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. వజ్రాన్ని మరో వజ్రంతో తప్ప మామూలుగా గీయలేం, కానీ దానికి నాలుగు దిశల్లో చీలే గుణం ఉంది, దెబ్బ సరిగ్గా ఆ దిశలో పడితే ముక్కలవుతుంది. ఈ నమ్మకంతో అసలు వజ్రాలే పగలగొట్టుకున్నవాళ్లు ఉండి ఉంటారని ఆయన అంటుంటే వెనక ఎవరో ‘అయ్యో’ అన్నారు.

మా తరగతి పిల్లవాడి తాత ఒకాయన చివరిదాకా ఆగాడు. పంచె అంచుకు కట్టిన ముడి విప్పి ఒక తెల్లని రాయి తీశాడు. తన పెళ్లినాటికే దొరికిందట, ఎవరికీ అమ్మలేదు, చూపించలేదు. మనవడే దారం కట్టాడు. చేతులు వణుకుతుంటే ఒకసారి గోడకు తగిలింది, మళ్లీ మొదటి నుంచి చేశాడు. మూడు కొలతలూ 2.6కు అటూ ఇటూ. వాడు తల ఎత్తి నా వైపు చూశాడు, నేను చెబుతానేమోనని. నేను చెప్పలేదు. కాసేపాగి, ‘తాతా, ఇది పలుగు. వజ్రమైతే నీళ్లు ఇంత పక్కకు జరగవు’ అని, మళ్లీ దారం పట్టుకుని తాతకు చూపించాడు, అంకెతో సహా. పెద్దాయన వంగి కాటా చూశాడు. ‘నువ్వే కొలిచినావు కదా, సరే’ అని రాయి తిరిగి ముడి వేసుకున్నాడు. ఊళ్లో ఇన్నేళ్లుగా రాయి ఏమిటో చెప్పేది కొనేవాడే. ఆ వేళ చెప్పింది అమ్మకంతో సంబంధం లేని ఒక పిల్లవాడు, లెక్క చూపించి మరీ.

మధ్యాహ్నం జొన్నగిరి దగ్గరి ఎర్రగుడికి వెళ్లాం. గుత్తి–పత్తికొండ దారిలో ఉన్న ఆ బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయని మా పిల్లలకు సాంఘిక శాస్త్రంలో తెలుసు. వాటిని 1920ల చివర్లో గుర్తించిన అను ఘోష్ భూగర్భ శాస్త్రవేత్త అని మాత్రం నాకూ ఇప్పుడే తెలిసింది. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, తర్వాతివి కుడి నుంచి ఎడమకూ, అరక తిప్పినట్టు సాగుతాయి. రాళ్లను చదవడానికి వచ్చిన మనిషి అక్షరాలను కూడా గమనించగలిగాడంటే, ఆయన బండను ఎంత దగ్గరగా చూసేవాడో అని మా అతిథి చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

వెళ్లేముందు పని అప్పగించారు. వజ్రం అరుదు, దాని వెంట పైకి వచ్చే తోడు ఖనిజాలు అంత అరుదు కాదు. పైరోప్ గార్నెట్, ఇల్మనైట్, క్రోమైట్ లాంటివి. ప్రపంచంలో కింబర్లైట్లను వెతికేది ముందుగా వీటి జాడ పట్టుకునే. మీ వంకలోని ఇసుకను కడిగి బరువైన గింజలు వేరు చేసి చూడండి అన్నారు.

అక్టోబరు, దసరా సెలవుల తర్వాత

బడి వెనక వంకలో ఇసుక తీశాం. పొలాల జోలికి వెళ్లకూడదన్నది మా నియమం. విత్తిన చేలలో జనం తిరిగి పాడుచేస్తున్నారని రైతులు ఏటా బాధపడుతూనే ఉన్నారు, ఆ బాధకు బడి తోడు కాకూడదు.

ఇసుక కడగడం ఎలాగో పుస్తకంలో చూసి చెప్పబోయాను. ఒక అమ్మాయి, ‘మేడం, మా అవ్వను పిలుస్తా’ అంది. అవ్వ వచ్చి, బియ్యం గాలించినట్టే రెండు గిన్నెలతో గాలించింది. మణికట్టు చిన్నగా తిప్పుతూ, నీటితో పాటు తేలికపాటి ఇసుకను రెండో గిన్నెలోకి వదులుతూ పోయింది. చివరికి మొదటి గిన్నె అడుగున నెలవంకలా నల్లని ఇసుక మిగిలింది. సాంద్రత పాఠం ఆమె మణికట్టులో ఉంది. పిల్లలు ఆమె దగ్గర నేర్చుకున్నారు, ఎవరికీ ఆమె అంత శుభ్రంగా రాలేదు.

ఆరబెట్టి అయస్కాంతం తిప్పితే నల్లగింజల్లో చాలావరకు అంటుకున్నాయి, అవి మాగ్నెటైట్. మిగిలినవాటిని తెల్లకాగితం మీద పోసి భూతద్దంతో చూస్తే మధ్య మధ్య ఎర్రని గింజలు. పిల్లల కేరింతలు పక్క గదికి వినిపించాయి. ఫొటోలు పంపాం. ఆయన జవాబు ఉత్సాహానికి కళ్లెం వేసింది. ఎర్రగింజ గార్నెటే కావచ్చు, కానీ ఇక్కడి మామూలు రాళ్లలోనూ గార్నెట్ ఉంటుంది. కింబర్లైట్ వెంట వచ్చిన పైరోప్‌లో క్రోమియం ఉంటుంది, అది ఫొటోలో తెలియదు. ఎలక్ట్రాన్ ప్రోబ్ అనే యంత్రంలో పెట్టి చూడాలి. గింజలు పంపండి, తీసిన చోటు, తేదీ, లోతు, తీసినవారి పేరు ప్రతి పొట్లం మీద ఉండాలి, చీటీ లేని పొట్లం నాకు మట్టితో సమానం అన్నారు.

మంచి గింజలున్న పొట్లం ఒకదాని మీద తేదీ ఉంది, చోటు లేదు. తీసినవాడు గుర్తుచేసుకుని రాస్తానన్నాడు. తరగతి ఒప్పుకోలేదు. చాలాసేపు వాదించుకుని, ఆ పొట్లాన్ని పక్కన పెట్టేశారు. నేను ఒక్క మాట కూడా కలపలేదు.

నవంబరు

విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధక విద్యార్థిని తెర మీదికి వచ్చింది. ఆమెదీ రాయలసీమ పల్లె, జిల్లా పరిషత్ బడిలో చదువుకుంది. రాయిని కోసి, అద్దానికి అతికించి, మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల మందానికి అరగదీస్తారట. అంత పలచనైతే చాలా రాళ్లలోంచి వెలుగు పోతుంది. ఆమె తన ఫోను కెమెరాను సూక్ష్మదర్శిని కంటికి ఆనించి చూపించింది. గుండ్రని బల్ల తిప్పుతుంటే బూడిదరంగు పలుగు తెల్లబడింది, మళ్లీ మెల్లగా నల్లబడి మాయమైంది. ప్రతి తొంభై డిగ్రీలకూ ఒకసారి అలాగే. వెలుగు తరంగాలు ఒకే దిశలో కంపించడాన్ని చెప్పే ధ్రువణం పాఠం వేయి మాటల్లో చెప్పినా ఇంతలా రాదు.

ఆడపిల్లలు అడిగినవి వేరు. క్షేత్ర పర్యటనకు ఒంటరిగా వెళ్తారా? ఇంట్లో ఒప్పుకున్నారా? నెలకు డబ్బులు ఇస్తారా? ఆమె దేన్నీ దాటవేయలేదు. ఫెలోషిప్ ఎలా వస్తుందో, ఏ పరీక్ష రాయాలో, అమ్మ మొదట్లో ఎందుకు భయపడిందో అన్నీ చెప్పింది. సంభాషణ ఆ రోజు ఖనిజాల కంటే దీని మీదే ఎక్కువసేపు సాగింది, సాగనిచ్చాను. ఆమె అప్పగించిన పని: పాడైన కాలిక్యులేటర్ తెర మీది పలచని ధ్రువణ పొరను ఒలిచి, తెల్లగా వెలిగే ఫోను తెరకూ ఆ పొరకూ మధ్య ప్లాస్టిక్ స్కేలు పెట్టి చూడటం. స్కేలులో ఇంద్రధనుస్సు రంగులు కనిపించాయి. ఊళ్లో పాడైన కాలిక్యులేటర్లన్నీ ఇప్పుడు మా బడిలోనే ఉన్నాయి.

డిసెంబరు

స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఈ పని గురించి మాట్లాడాను. చుట్టుపక్కల బడుల సైన్స్ ఉపాధ్యాయులకు మొదట ఉన్న సందేహం ఒక్కటే, సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది? న్యాయమైన సందేహం. అందుకే పట్టిక పట్టుకెళ్లాను: సాంద్రత, ఆర్కిమెడిస్, కొలతలో దోషం, ధ్రువణం, కార్బన్ రూపాలు, రాళ్లు–ఖనిజాలు. వీటిలో చాలావరకు ఎలాగూ చెప్పవలసిన పాఠాలే. ఇక్కడ అవి ఒకదానికొకటి ముడిపడి వచ్చాయి.

ఒక అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడు మరో మాట అడిగారు. ‘శాస్త్రవేత్త ముందు పిల్లలు అడిగే ప్రశ్నకు మనకు జవాబు తెలియకపోతే?’ అని. నిజానికి మా భయాలన్నిటి అడుగునా ఉన్నది ఇదే. జూలైలో ఒక పిల్ల, ఫలానా పొలంలో దొరికిన వజ్రం ఏ గొట్టం నుంచి కొట్టుకువచ్చిందని అడిగితే ఆయన ‘నాకు తెలియదు, అది చెప్పాలంటే ఏమేం చూడాలో చెబుతాను’ అన్న సంగతి వివరించాను. బనగానపల్లె దగ్గర గులకరాళ్లు అతుక్కుని గట్టిపడిన పాత రాతిపొరలో వజ్రాలు దొరకడం, వానలకు మట్టి కోసుకుపోయి బరువైన రాళ్లు పైన మిగలడం, పాత వాగుల దారి, ఇలా ఒక్కొక్కటే చూడవలసినవి ఆయన వరుసగా చెప్పారు. ఆ రోజు తెలియదన్న మాట వల్ల ఆయన మీద పిల్లలకు గౌరవం పెరిగింది. నేను కూడా తరగతిలో ఆ మాట ధైర్యంగా అంటున్నాను, తర్వాత ఏం చూడాలో పిల్లలతో కలిసి రాస్తున్నాను.

ఇద్దరు ఉపాధ్యాయులు ఆ రోజే తమ బడి ప్రశ్నలు రాసి ఇచ్చారు. ఒకటి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి, ఒకటి వేరుశనగ గురించి.

ఫిబ్రవరి

గార్నెట్ ఫలితాలు ఇంకా రాలేదు. ఆ యంత్రం దగ్గర చాలామంది పరిశోధకులు వరుసలో ఉన్నారట, మా పొట్లాలకూ ఒక సంఖ్య ఇచ్చారు. పిల్లలు ఆ సంఖ్యను గోడ మీద రాసుకున్నారు. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి నమూనాల ప్రదర్శన వద్దన్నారు, కాటా పెట్టి ఊరివాళ్ల రాళ్లు తూచిపెడతామన్నారు. ఒప్పుకున్నాను. పొట్లం మీద చీటీ రాయడం ఏడో తరగతి పిల్లలకు తొమ్మిదో తరగతి వాళ్లే నేర్పుతున్నారు. వచ్చే జూన్‌లో వీళ్లు పదికి వెళ్తారు, వంక దగ్గర పని ఆగకూడదు కదా.

వేరుశనగ ప్రశ్న పంపిన బడికి సోమవారం వెళ్తున్నాను. కొత్త రకాలకు పేరున్న కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రానికి రాసే ఉత్తరం ఆ పిల్లలతోనే రాయించాలి. వాళ్ల ప్రశ్న ఇది: ఊడలు నేలలోకి బాగానే దిగిన మొక్కకు కూడా తాలుకాయలు ఎందుకు పడతాయి? ఉత్తరం కంటే ముందు వాళ్లు కొలవవలసినవి ఉన్నాయి. ఒక్కో మొక్కకు ఊడలెన్ని, గట్టి కాయలెన్ని, తాలువెన్ని, ఆ పొలానికి జిప్సం వేశారా లేదా, ఏ వారం వాన పడలేదు. కొత్త పంట వచ్చేదాకా ఆగకుండా, నూర్చి దాచిన కాయలతోనే లెక్కపెట్టడం మొదలుపెట్టించవచ్చు. పట్టిక గీసి ఉంచాను. రెండో కాటా కొనాలి.